నా వైపు అంతా బాగానే ఉంది

మా వీధి చివర నెట్ సెంటర్లో కూర్చునే కుర్రాడి నోటి నుంచి ఆ మాట వినకుండా నేను బయటికి వచ్చిన జ్ఞాపకం లేదు: "సర్వర్ డౌనండీ." ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చిన పెద్దాయనకీ అదే జవాబు, హాల్ టికెట్ కోసం వచ్చిన పిల్లకీ అదే జవాబు. రేషన్ షాపు క్యూలోనూ, బ్యాంకు కౌంటర్ దగ్గరా అదే వినిపిస్తుంది. విన్నవాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యరు. "సరే, మధ్యాహ్నం రానా బాబూ?" అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంటారు. నాకే ఆ మాట దగ్గర మనసు ఆగిపోతుంది. వెబ్‌సైట్లు రాసి బతికేవాణ్ణి గనక, సర్వర్ నిజంగా పడిపోయే సందర్భాలు మనం చెప్పుకునేటన్ని ఉండవని తెలుసు. ఎక్కడో ఒక డేటా సెంటర్లో అది తన మానాన తను తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ కళ్ళెదుట తెరా వెలుగుతూనే ఉంటుంది. మరి పోయిందేమిటి? ఆ రెండింటి మధ్య మాట పోయింది. మాట పోయినప్పుడు ఎదురుగా లేనివాడి మీద నింద వెయ్యడం మనకు సులువు. సర్వర్‌ని ఎవరు చూశారు గనక, అది వచ్చి సంజాయిషీ చెప్పుకోవడానికి?

ఆఫీసులోనూ ఇదే తగువు, వేషం మార్చుకుని నడుస్తుంది. ఫ్రంటెండ్, అంటే తెర మీద కనపడే భాగం, రాసే కుర్రాడు కుర్చీ వెనక్కి తిప్పి "అక్కా, నీ ఏపీఐ రావట్లేదు" అంటాడు. సర్వర్ వైపు బ్యాకెండ్ రాసే ఆవిడ తల ఎత్తకుండానే "నా వైపు అంతా బాగానే ఉంది, పోస్ట్‌మ్యాన్‌లో కొట్టి చూడు" అంటుంది. (ఏపీఐ అంటే ఫ్రంటెండ్ సర్వర్‌ని డేటా అడిగే దారి. పోస్ట్‌మ్యాన్ అంటే ఇక్కడ బ్రౌజర్‌తో పని లేకుండా సర్వర్‌ని నేరుగా పలకరించే సాఫ్ట్‌వేర్.) వాడు కొట్టి చూస్తాడు, డేటా చక్కగా వస్తుంది. బ్రౌజర్‌లో చూస్తాడు, రాదు. కన్సోల్ తెరిస్తే ఎర్రటి అక్షరాలు, వాటి మధ్య కార్స్ అనే పొట్టి పేరు. వెబ్ పని నేర్చుకునే ప్రతివాడూ మొదటి నెలలోనే ఈ పేరును తిట్టుకుంటాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో రియాక్ట్ నేర్చుకునేవాళ్ళని అడగండి, మొహం చిట్లిస్తారు. వాడు చెప్పిందీ నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే. ఇద్దరూ నిజం చెబుతుండగా పని ఎందుకు జరగడం లేదు?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే 1990ల నడుమకు చేరతాం. నెట్‌స్కేప్ కంపెనీలో 1994లో లూ మాంటులీ కుకీని తెచ్చాడు, మీరెవరో వెబ్‌సైటుకు గుర్తుండేలా. మరుసటి ఏడాది అదే కంపెనీలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్‌కి మొదటి రూపం పది రోజుల్లో రాశాడు, పేజీ తనంతట తానుగా కదిలేలా. దేనికది ముచ్చటైన సంగతే. రెండూ ఒక ఇంట్లో చేరేసరికి ప్రమాదం పుట్టింది. ఒక ట్యాబ్‌లో మీ బ్యాంకు తెరిచి ఉందనుకోండి, లాగిన్ అయ్యే ఉన్నారు. ఇంకో ట్యాబ్‌లో ఏదో ఊరూ పేరూ లేని పేజీ. ఆ పేజీలోని స్క్రిప్ట్ మీ బ్యాంకు సర్వర్‌ని "ఖాతాలో ఎంత ఉంది?" అని అడిగితే ఆ రోజుల బ్రౌజర్ అలవాటు చొప్పున మీ కుకీని జత చేసి పంపేస్తుంది. అడిగింది మీరేననుకుని బ్యాంకు చెప్పేస్తుంది. అందుకే నెట్‌స్కేప్ వాళ్ళు ఒక నియమం పెట్టారు. ప్రోటోకాల్, హోస్టు, పోర్టు మూడూ కలిసిన చోటు నుంచి వచ్చిన పేజీయే అక్కడి జవాబు చదవాలి, మూడింటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా పరాయిదే. ఈ లెక్కన నా లాప్‌టాప్‌లోనే 3000 పోర్టు మీద నడిచే ఫ్రంటెండూ, 8000 పోర్టు మీద నడిచే బ్యాకెండూ ఒకదానికొకటి పరాయివి. ఒకే యంత్రం, ఒకే కరెంటు, రెండింటినీ నడిపే మనిషీ ఒక్కడే. అయినా సరే.

పాత కథల్లో ఒక అత్తగారు ఉంటుంది. కోడలు రాసిన ఉత్తరం పుట్టింటికి చేరుతుంది, పుట్టింటి నుంచి జవాబూ వస్తుంది, కానీ ఆ జవాబు అత్తగారి ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. బ్రౌజర్ చేసేది చాలాసార్లు ఇదే. అడ్డగించేది వెళ్ళేదాన్ని అనుకుంటాం గానీ, మామూలు ఫారం లాంటి అభ్యర్థనలను అది వెళ్ళనిస్తుంది. సర్వర్ పని చేసేస్తుంది, జవాబు పంపేస్తుంది. తిరిగొచ్చిన కాగితం మీద "ఫలానా చోటివాళ్ళు దీన్ని చదవొచ్చు" అన్న హెడర్ కనపడకపోతే, అప్పుడు దాన్ని స్క్రిప్ట్ చేతికివ్వదు. ఈ అనుమతి పద్ధతి పేరే కార్స్. ఈ అత్తగారికి కోడలి మీద కక్ష లేదు, ఇంటిని చూసుకుంటోంది, అంతే. ఫలితం మాత్రం విచిత్రంగా ఉంటుంది. తెర మీద "విఫలమైంది" అని కనపడుతుంది, అవతల డేటాబేస్‌లో రికార్డు చేరిపోయి ఉంటుంది. మనిషి మళ్ళీ నొక్కుతాడు, రెండో రికార్డు చేరుతుంది. డబ్బు కట్టే పేజీల్లో ప్రతి చెల్లింపుకూ విడిగా ఒక గుర్తింపు సంఖ్య పంపి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ పట్టించుకోకుండా చేసే ఏర్పాటు ఇందుకే. ఆ ఏర్పాటు ఎంతమంది చేస్తున్నారు? చెయ్యనివాళ్ళ వెబ్‌సైట్లలో "మళ్ళీ నొక్కాలా వద్దా" అని బటన్ మీద వేలు ఆపుకుని కూర్చున్న మనిషి భయం నాకు అర్థమవుతుంది.

జేసన్ అనే డేటా రూపంలో పంపేవాటికీ, లాగిన్ గుర్తుగా టోకెన్ జత చేసినవాటికీ పద్ధతి వేరు. బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే చిన్న అభ్యర్థన పంపి "ఇలాంటిది ఒకటి పంపబోతున్నా, మీకు సమ్మతమేనా?" అని అడుగుతుంది. ఆ అడగడంలో టోకెన్ ఉండదు, ఉండకూడదని నియమం. బ్యాకెండ్‌లో మనవాళ్ళు వాకిట్లోనే లాగిన్ తనిఖీ పెట్టి ఉంటారు, టోకెన్ లేని దేనికైనా 401 అని మొహాన కొట్టేలా. అడగడానికి వచ్చినదాన్నే నువ్వెవరని గెంటేస్తే అసలు మాట ఎప్పుడు మొదలవుతుంది? కోడ్‌లో రెండు వరుసల క్రమం మారిస్తే తీరే ఇబ్బంది ఇది. ఆ రెండు వరుసలు ఏవో తెలియడానికే పూట పడుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది, కార్స్ అని పేరు పెట్టుకుని వచ్చే కార్స్ కానివి. ఇలాంటిదొకటి దగ్గర్నించి చూస్తే తెలుస్తుంది. ఫొటో అప్‌లోడ్ చేసే పేజీ. పరీక్షించేటప్పుడు చిన్న చిన్న బొమ్మలు పెట్టారు, అన్నీ ఎక్కాయి. జనం చేతికిచ్చాక ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటో పెడితే కార్స్ ఎర్రర్. కుర్రాడు బ్యాకెండ్ వాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు అనుమతుల జాబితా తిరగేసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. ఉన్నాయి కూడా. ఇద్దరి మధ్యా ఎంజినెక్స్ అనే మూడో మనిషి నిలబడి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు. ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఎంజినెక్స్ 1 ఎంబీ దాటిన సరుకును లోపలికి పోనివ్వదు, 413 అని రాసి గుమ్మంలోంచే తిప్పి పంపుతుంది. అభ్యర్థన బ్యాకెండ్ దాకా పోలేదు గనక బ్యాకెండ్ తగిలించే అనుమతి హెడర్ ఆ జవాబుకు తగల్లేదు. హెడర్ లేదు గనక బ్రౌజర్ కార్స్ అంది. అది అబద్ధం చెప్పలేదు, దానికి కనపడింది చెప్పింది. క్రోమ్‌లోనైతే ఆ ఎర్రటి పేరా కింద ఇంకో వరుసలో 413 అనే అంకె కూడా ఉంటుంది. మొదటి వరుస చదివి పక్కవాడి వైపు తిరిగిపోయే మనకు రెండో వరుస దాకా ఓపిక ఉండదు. బ్యాకెండ్ ఏదో కారణానికి కూలి 500 ఇచ్చినా తరచు ఇదే కథ, జబ్బు ఒకటి, చీటీ మీద రాసింది ఇంకొకటి.

ఇంత తెలిసిన బ్రౌజర్ అసలు కారణం ప్రోగ్రాముకే చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. చెప్పదు. స్క్రిప్ట్‌కి "తేలేకపోయాను" అన్న ముక్క మాత్రమే అందుతుంది. పూర్తి వివరం కన్సోల్‌లో, అంటే మనిషి కంటికి. ఎందుకంటే ఎందుకు విఫలమైందో చెప్పడం కూడా పరాయి పేజీకి ఒక కబురు చేరవెయ్యడమే. ఇది చదివినప్పుడు నేను కాసేపు పని ఆపి కూర్చున్నాను. యంత్రాన్ని నమ్మకుండా మనిషిని నమ్మి, మనిషికి మాత్రమే విడమరిచి చెప్పే ఏర్పాటు కంప్యూటర్లలో ఎన్ని చోట్ల ఉంది?

"నిన్నటిదాకా పనిచేసింది, నేనేం ముట్టుకోలేదు" అనేది ఇంకో రకం. విన్నవాళ్ళు నమ్మరు గానీ అదీ చాలాసార్లు నిజమే. 2021 అక్టోబరులో రెండు సంగతులు జరిగాయి. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్ 17 వచ్చింది, సొంత యంత్రాన్నే సూచించే లోకల్‌హోస్ట్ అన్న పేరుకు పాత తరహా 127.0.0.1 చిరునామానే ముందు వెతికే అలవాటు మానేసింది. ఆ పాత చిరునామా దగ్గరే కాచుకుని ఉన్న సర్వర్లకు పిలుపు అందక, కనెక్షన్ తిరస్కరించారన్న కబురు మిగిలింది. అదే నెలలో యాపిల్ వాళ్ళ మ్యాక్ కంప్యూటర్లకు మాంటెరీ వచ్చి, పైథాన్ ఫ్లాస్క్ ఎప్పట్నించో వాడుకునే 5000 పోర్టులో ఎయిర్‌ప్లేని కూర్చోబెట్టింది. కోడ్ అదే, వేళ్ళు అవే, కింది నేల జరిగిపోయింది. దానికి ముందు ఏడాది ఫిబ్రవరిలో క్రోమ్ 80 పరాయి సైట్లకు కుకీలు వెళ్ళే పద్ధతిని బిగించింది. లాగిన్ అవుతుంది, మరుక్షణం "మీరెవరు?" అని సర్వర్ అడుగుతుంది, కుకీ వెనకే ఆగిపోయింది గనక. కోవిడ్ రోజుల్లో జనానికి అవసరమైన సైట్లు ఎక్కడ ఆగిపోతాయోనని గూగుల్ ఏప్రిల్‌లో ఆ మార్పును వెనక్కి తీసుకుని, జూలైలో మళ్ళీ మొదలుపెట్టింది. పెద్ద కంపెనీ ఒక చిన్న డిఫాల్ట్ మార్చడానికి లోకం ఊపిరి తీసుకునేదాకా ఆగిన సందర్భం అది.

ఎర్రగా అరిచే తప్పులు నయం. ఏ చప్పుడూ చెయ్యకుండా చేరేవాటితోనే నాకు భయం. తేదీల సంగతి చూడండి. ఫారంలో 1947 ఆగస్టు 15 ఎంచుకుంటారు. బ్రౌజర్ దాన్ని మన దేశపు అర్ధరాత్రిగా పట్టుకుంటుంది. జేసన్‌లోకి మార్చేటప్పుడు గ్రీనిచ్ కాలానికి తిప్పుతుంది, మనం అయిదున్నర గంటలు ముందున్నాం గనక అది ఆగస్టు 14 సాయంత్రం 6:30 అవుతుంది. బ్యాకెండ్ గంటల భాగాన్ని కత్తిరించి తేదీ మాత్రం దాచుకుంటుంది. స్వాతంత్ర్యం ఒక రోజు ముందే వచ్చేస్తుంది! ఎన్ని పుట్టిన తేదీలు ఇలా ఒక రోజు వెనక్కి జరిగి ఏ రికార్డుల్లో పడి ఉన్నాయో. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సర్వర్ ఉత్త తేదీ పంపితే జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా చదువుతుంది. హైదరాబాద్‌లో చూసేవాళ్ళకు అది తెల్లవారుజామున 5:30, తేదీ మారదు. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ళ తెర మీద ముందు రోజు కనిపిస్తుంది. ఇక్కడ ఎంత పరీక్షించినా దొరకని తప్పు, అక్కడ రోజూ కనపడే తప్పు.

మన లిపి సంగతీ చెప్పుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. శ్రీ అని ఒక్క అక్షరంగా మనం రాసేది, లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. వెంకటసుబ్రహ్మణ్యం అని పేరు టైపు చెయ్యండి. ఫ్రంటెండ్ లెక్కలో పదిహేడు గుర్తులు, యాభై దాకా చోటుంది, నిశ్చింతగా పంపుతుంది. బ్యాకెండ్ డేటాబేస్‌లో ఆ యాభై బైట్ల లెక్కైతే పేరు యాభై ఒకటి. చివరి సున్న పట్టదు, మొత్తం అప్లికేషన్ వెనక్కొస్తుంది. రెండు వైపులా యాభై అనే రాసుకున్నారు, దేనికి యాభై అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. లిపి తెలియని డేటాబేస్ అయితే పేరు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది. ఎన్‌కోడింగ్ తారుమారైతే రోమన్ ఎ అక్షరం మీద వాలుగీత, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే జంట. తెలుగు సమాచారంతో పనిచేసేవాళ్ళు ఆ జంటను చూడగానే "ఇది మన భాషే" అని గుర్తుపడతారు. అంకెల గొడవ కొంచెం వేరు. జావాస్క్రిప్ట్ 9007199254740991 దాటిన పూర్ణసంఖ్యలను పూర్తి నమ్మకంతో పట్టుకోలేదు, చివర 993 అని పంపితే 992 అని చదువుతుంది. 2010లో ట్విటర్ తన ట్వీట్ల సంఖ్యలు ఈ హద్దు దాటబోతున్నాయని తెలిసి, అదే సంఖ్యను అక్షరాల రూపంలోనూ ఇవ్వడం మొదలుపెట్టింది.

మెల్విన్ కాన్వే 1968లో ఒక వ్యాసం రాశాడు. ఒక సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, ఆ సంస్థ తయారుచేసే వ్యవస్థ కూడా అదే ఆకారంలో తేలుతుందని అందులోని సారం. వెబ్ అనే ఊహ కూడా లేని రోజుల్లో చెప్పిన మాట. ఈ పనిలో ఉన్నకొద్దీ నాకది జాతకంలా కాక ఎక్స్‌రేలా కనిపిస్తోంది అనబోయి ఆగాను. ఎక్స్‌రే లోపల ఉన్నది మాత్రమే చూపిస్తుంది, ఇది రాబోయేది కూడా చెబుతోంది. ఫ్రంటెండ్ జట్టు ఒక అంతస్తులో, బ్యాకెండ్ జట్టు ఇంకో ఊళ్ళో, మధ్యలో టికెట్లు. ఆ ఏపీఐలో ఒక గడి పేరు ఒక చోట ఫోన్ నంబర్, ఇంకో చోట మొబైల్ అని ఉంటుంది. పేర్లు చూస్తే ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో చెప్పేయొచ్చు. జవాబులిచ్చే తీరూ అంతే. పని జరగకపోయినా 200 అని, అంటే అంతా క్షేమమని పైన రాసి, లోపల "విఫలం" అని పెట్టే సర్వర్లను చూశాను. మొహమాటం కాబోలు. బ్రౌజర్‌లో డేటా తెచ్చిపెట్టే ఫెచ్ కూడా తక్కువ తినలేదు, 404 వచ్చినా 500 వచ్చినా "జవాబు అందింది కదా" అని సంతోషిస్తుంది. అందిన జవాబులో ఏముందో విడిగా చూసుకోమంటుంది.

అసలు ఈ రెండు ముక్కలుగా విడగొట్టడం ఎందుకని అనుమానం వస్తుంటుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒకే పీహెచ్‌పీ ఫైలు డేటాబేస్‌ని అడిగేది, పేజీ వండేది, వడ్డించేది. ఎవరితో ఎవరికీ తగువు లేదు, ఉన్నది ఒక్కడే గనక. తర్వాత 2004లో జీమెయిల్, మరుసటి ఏడాది గూగుల్ మ్యాప్స్ వచ్చాయి, పేజీ మొత్తం మారకుండా లోపల ముక్క మాత్రం మారడం చూసి ముచ్చటపడ్డాం. అక్కణ్ణించి ముందు భాగం ఒక కాపురం, వెనక భాగం ఒక కాపురం. ఇప్పుడు మళ్ళీ పేజీని సర్వర్‌లోనే వండి పంపుదామంటున్నారు. పాత పద్ధతే మేలా? చిన్న పనులకు మేలేనని నా ఉద్దేశం. పది ఫారాలున్న ఆఫీసు సైటుకు రెండు జట్లు, మూడు సర్వర్లు అక్కర్లేదు. అయితే ఫోన్ యాప్ ఒకటి, వెబ్‌సైట్ ఒకటి, రెండూ అదే డేటాని వాడుకోవాలన్నప్పుడు ఒకే ఫైలు సరిపోదు. విడిపోక తప్పనప్పుడు, ఎవరు ఏ పేరుతో ఏ రూపంలో ఏం పంపుతారో ముందే కాగితం మీద పెట్టుకోవాలి. కోడ్ రాశాక కాదు.

కార్స్‌ని వదిలించుకునే చిట్కాలు ఈ రంగంలో ఒకరి నుంచి ఒకరికి చేరుతుంటాయి. సర్వర్‌లో ఒక నక్షత్రం గుర్తు పెట్టి "ఎవరైనా చదువుకోవచ్చు" అనడం ఒకటి. వాతావరణ సమాచారానికి అది చాలు. లాగిన్‌తో పనున్న చోట నక్షత్రాన్ని బ్రౌజర్ ఒప్పుకోదు, అప్పుడు కొందరు తెలివిగా, ఎవరు అడిగితే వాళ్ళ పేరే అనుమతిలో రాసి పంపేలా చేస్తారు. అంటే 1990ల్లో నెట్‌స్కేప్ వాళ్ళు మూసిన ప్రమాదాన్ని చేజేతులా తెరిచినట్టే. రెండోది ఇంకా సులువు, బ్రౌజర్‌లో ఈ తనిఖీనే ఆపేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి తగిలించడం. ఎర్ర అక్షరాలు మాయం, పని ముందుకు సాగుతుంది, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. జనం బ్రౌజర్లలో ఆ ఎక్స్‌టెన్షన్ ఉండదు గనక మర్నాడు వాళ్ళకు మళ్ళీ అదే తప్పు కనపడుతుంది, అది వేరే కథ.

ఈ పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. సర్వర్‌లో మీ ఫ్రంటెండ్ చిరునామాను పేరు పెట్టి రాయండి, నక్షత్రం వద్దు. ఎర్రటి మొదటి వరుస చదివాక కింది వరుసలోని అంకె కూడా చదివి, ఆ తర్వాతే పక్కవాళ్ళని పిలవండి. ఆ ఎక్స్‌టెన్షన్ మీ లాప్‌టాప్‌లో ఇంకా ఆన్‌లో ఉంటే బ్యాంకు పేజీ తెరవకముందే తీసేయండి.